ఒకే మనిషి కోసం రెండు కాళ్ళు

స్టోరు మేడం రోజూ ఎనిమిదిన్నరకి తాళం తీసి, కిటికీలు తెరిచి, గుడ్డ తీసుకుని కాళ్ళ మీద దుమ్ము తుడుస్తుంది. గోడ పొడుగునా అరలు, అరల నిండా తయారైపోయి తమ మనుషుల కోసం ఆగిన కృత్రిమ కాళ్ళు. తయారైన ఏ కాలైనా సరే, అరలో పెట్టిన గంటలోపు తన మనిషి ఎటు ఉంటే అటు వేళ్ళు తిప్పుకుంటుంది. ఆ మనిషి ఇల్లు మారితే వేళ్ళూ మారతాయి. తుడిచేటప్పుడు చెయ్యి తగిలి పక్కకి జరిగితే, కాసేపటికి మళ్ళీ వాటంతట అవే సర్దుకుంటాయి. తిరగడానికి చోటుండాలని అరల్లో కాళ్ళని కాస్త ఎడంగా పెడతారు, అంతే.

ఆమె తలనొప్పి కాళ్ళతో కాదు, కాగితాలతో. సంస్థకి ఐదు బ్రాంచీలు. ఒక్కో బ్రాంచీకి ఒక్కో రిజిస్టరు, ఒక్కో రకం నంబర్లు. కొలతలు రాసిన చీటీ ముందు కాలి అచ్చులు పోసే అచ్చు గదికి, అక్కణ్ణుంచి వర్క్‌షాపుకి, ఆ తర్వాత స్టోరుకి రావాలి. మధ్యలో ఏ డ్రాయర్లోనో చిక్కుకుందంటే ఆ మనిషి ఏడాదిపాటు చంకకర్రల మీదే. చివరికి కాలు తయారై ఉత్తరం వేస్తే, ఆ ఇంట్లో ఇంకెవరో ఉంటారు.

అందుకే ఐదు బ్రాంచీలనీ కలిపే కంప్యూటర్ సిస్టం పెట్టాలని పెద్దాఫీసు వాళ్ళు మీటింగు పెట్టినప్పుడు, అందరూ బల్లకేసి చూస్తూ కూర్చుంటే, ఆమె చెయ్యెత్తింది.

"మా బ్రాంచి వివరాలన్నీ నేనెక్కిస్తాను."

"ఎన్నాళ్ళు పడుతుంది?" అన్నాడు డైరెక్టరు.

"మూడు నెలలు."

అనేసింది గానీ, ఆ మూడు నెలలూ బాబాయి చేతిలో ఉన్నాయని ఆమెకి తెలుసు.

బాబాయి వర్క్‌షాపు మేస్త్రి. ఆమె నాన్నకి స్వయానా తమ్ముడు. నలభై ఏళ్ళుగా అందరి కొలతలూ అట్టముక్కల మీద తన సొంత గుర్తులతో రాసుకున్నాడు. చుక్క పెడితే ఎడమ కాలు, గీత పెడితే కుడి. మిగతావి ఆయనకి తప్ప ఎవరికీ అర్థం కావు.

"ఆ డబ్బాకి నా అట్టముక్కలెందుకు?" అన్నాడు చెక్క మీద రందా ఆపకుండా. "ఎవరు ఎటున్నారో వేళ్ళే చెబుతున్నాయి కదా!"

"ఎటున్నారో చెబుతాయి బాబాయ్. ఎంత దూరంలో ఉన్నారో చెప్పవు."

"చాల్లే. నాకు పనుంది."

ఆమె వెళ్ళలేదు. స్టూలు లాక్కుని పక్కనే కూర్చుంది. మర్నాడూ వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది. భోజనాలవగానే అట్టముక్కల పెట్టె ముందు కూర్చోవడం, ఒకటి తీసి "ఈ గుర్తేంటి బాబాయ్?" అనడం. ఆయన వినపడనట్టు పని చేసుకోవడం. పదకొండు రోజులు ఇదే తంతు. పన్నెండో రోజు ఆమె గుర్తుల సంగతి ఎత్తలేదు.

"మన స్టోర్లో ఎవరూ తీసుకెళ్ళని కాళ్ళు ఎన్ని ఉంటాయంటావ్?"

"ఓ పదో, పదిహేనో."

"లెక్కపెట్టి వద్దాం రా."

ఇద్దరూ అరలన్నీ తిరిగారు. రెండు వందల పన్నెండు. చివరి అర దగ్గర మేస్త్రి ఆగాడు. అందులో సగం ఆయన చేత్తో చెక్కినవే. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"పెట్టె తీసుకురామ్మాయ్. అటూ ఇటూ వంకర ఉన్న గుర్తంటే బరువెక్కువ మనిషని," అన్నాడు.

ఆ రోజు నుంచి ఆయన చదవడం, ఆమె టైపు చెయ్యడం. సిస్టం పెట్టడానికి కంపెనీ నుంచి వచ్చినాయన పక్కన కూర్చుని గళ్ళు తయారు చేసేవాడు. ఆయన్ని అందరూ సిస్టమాయన అనేవారు.

"వేళ్ళ దిక్కుకి ఒక గడి కావాలండీ," అంది స్టోరు మేడం.

"అంకెలా, అక్షరాలా?"

"అంకెలే. దిక్సూచి పెట్టి డిగ్రీలు రాస్తాం."

"మారుతూ ఉంటుందా?"

"మనిషి కదిలితే మారుతుంది."

"అయితే పక్కన తేదీ కూడా పెడదాం," అని రాసుకున్నాడాయన. మిగతా నాలుగు బ్రాంచీల్లోనూ అదే గడి పెట్టించాడు.

మూడో నెల చివర్లో అన్ని బ్రాంచీల వివరాలూ ఒకచోట చేరాయి. చేరగానే సిస్టం రెండు జాబితాలు బయటపెట్టింది. ఒకటి, మూడేళ్ళు దాటిన సరుకు. అది తుక్కు కిందికి పోవాలని పెద్దాఫీసు రూలు, శుక్రవారం బండి వస్తుంది. రెండోది, రెండుసార్లు నమోదైన మనుషులు.

"ఈ రెండోదాంట్లో ఒక్కో పేరు ఉంచి, ఇంకోటి తీసెయ్యండి మేడం. అయిదు నిమిషాల పని," అన్నాడు సిస్టమాయన.

ఆమె తీసెయ్యలేదు. ఒక్కోటీ చదివింది. బుధవారం మధ్యాహ్నానికి ఒక దర్జీ ఆవిడ దగ్గర ఆగింది. కుడి కాలు, మోకాలి కింద. నాలుగేళ్ళ కిందట ఇక్కడ కొలతలిచ్చింది. రెండేళ్ళ కిందట నదికి అవతలున్న బ్రాంచీలో మళ్ళీ ఇచ్చింది. పేరు రాయడంలో ఒక అక్షరం తేడా, అంతే. రెండు చోట్లా కాలు తయారైంది. రెండు చోట్లా ఉత్తరం తిరిగొచ్చేసింది. ఇక్కడున్న కాలు తుక్కు జాబితాలో కూడా ఉంది.

"బాబాయ్, ఒకసారి ఇలా రా!"

మేస్త్రి వచ్చాడు. ఆమె గోడ మీదున్న నగరం మ్యాపు దింపి బల్ల మీద పరిచింది. తమ బ్రాంచి దగ్గర స్కేలు పెట్టి, ఇక్కడి కాలు చూపించే దిక్కుకి ఒక గీత గీసింది. అవతలి బ్రాంచీ దగ్గర పెట్టి, అక్కడి కాలు చూపించే దిక్కుకి ఇంకో గీత గీసింది. రెండు గీతలూ బస్ డిపో వెనక సందులో కలిశాయి.

మేస్త్రి ఆ చోట వేలు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు.

"చొక్కా మార్చుకుని వస్తానుండు," అన్నాడు.

కాలుని గుడ్డసంచిలో పెట్టి, వేళ్ళు మాత్రం పైకుంచి, ఆటోలో వెళ్ళారు. డిపో వెనక సందంతా ఒకేలాంటి నాలుగంతస్తుల ఇళ్ళు. స్టోరు మేడం సంచి పట్టుకుని నెమ్మదిగా నడిచింది. అయిదో ఇంటి మెట్లు దాటుతుంటే సంచిలో వేళ్ళు కుడివైపుకి తిరిగాయి.

మూడో అంతస్తులో తలుపు తెరిచే ఉంది. కిటికీ పక్కన చేతి మిషను, చుట్టూ స్కూలు యూనిఫారాలు, మధ్యలో నలభై ఏళ్ళావిడ. పక్కన గోడకి చంకకర్రలు.

"బట్టలు కుట్టించుకోడానికా?" అందామె.

"కాదండీ. మీ కాలు తయారైంది. చెప్పడానికొచ్చాం."

దర్జీ ఆవిడ మిషను ఆపింది. సంచిలోంచి తనకేసే చూస్తున్న వేళ్ళని చూసింది. మొహం గట్టిపడింది.

"నాలుగేళ్ళండీ! రెండు చోట్ల కొలతలిచ్చాను. ఫోన్ చేస్తే ఒకళ్ళు అక్కడడగమంటారు, ఇంకొకళ్ళు ఇక్కడడగమంటారు. ఈ మెట్లు దిగి ఎనిమిది నెలలైంది. ఇప్పుడు మళ్ళీ కొలతలు, మళ్ళీ చీటీ! నావల్ల కాదు. వెళ్ళిపోండి."

స్టోరు మేడం నోరు తెరిచేలోపు మేస్త్రి ముందుకొచ్చి, యూనిఫారాలు పక్కకి జరిపి నేల మీద కూర్చున్నాడు.

"తప్పు నాదమ్మా. నీ చీటీ తొమ్మిది నెలలు నా డ్రాయర్లోనే పడుంది. మొన్న వివరాలెక్కిస్తుంటే తేదీ చూసి నాకే సిగ్గేసింది. నువ్వు తిట్టు, పడతాను. కానీ కొలతలివ్వు. ఈసారి డ్రాయరు లేదు. పీకించేశాను."

ఆవిడ మిషను మీదున్న టేపు తీసి ఆయన చేతికిచ్చింది.

కొలతలు అక్కడే ఫోన్లో ఎక్కించారు. అవి మరుక్షణం అచ్చు గదిలో కనపడ్డాయి. నాలుగేళ్ళలో మోకాలి కింద మిగిలిన కాలు సన్నబడింది కాబట్టి, అది దూరే పాత సాకెట్లు రెండూ పనికిరావు. అవతలి బ్రాంచీ కాలు కొత్తది, దాన్నే తెప్పించి కొత్త సాకెట్ వేశారు. దర్జీ ఆవిడ రోజూ ఫోన్ చేసేది.

"ఇప్పుడెక్కడుంది?"

"ప్లాస్టరు ఆరుతోందండీ. రేపు వర్క్‌షాపుకి వెళ్తుంది," అనేది స్టోరు మేడం తెర చూసి. ఎవర్నీ అడిగే పని లేదు.

తొమ్మిదో రోజు ఆవిడ వచ్చింది. కాలు బిగించుకుని, వర్క్‌షాపు వెనక నడక నేర్చుకోడానికి పెట్టిన కమ్మీలు పట్టుకుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా నడిచింది. రెండుసార్లు పడింది. పడినప్పుడల్లా మేస్త్రి చెయ్యి చాపితే, "ఉండండి, నేనే లేస్తాను," అంది. ఆ తర్వాత రోజూ వచ్చింది. మూడో వారం కమ్మీలు వదిలేసి, చేతికర్ర ఒక్కటి తీసుకుని, ఇంటికి నడిచే వెళ్తానంది. అక్కణ్ణుంచి డిపో సందు కిలోమీటరు కూడా లేదు.

"ఆటో పిలుస్తాను," అంది స్టోరు మేడం.

"ఎందుకండీ? ఇవాళ ఎక్కడా ఆగను."

ఆవిడ గేటు దాటాక ఇద్దరూ స్టోర్లోకి వచ్చారు. తుక్కు బండి ఎక్కకుండా దర్జీ ఆవిడ పేరున ఆపిన మొదటి కాలు అరలో ఉంది. మేస్త్రి వంగి చూశాడు. ఇంటికి వెళ్తుంటే వేళ్ళు ఎడమకి జరగాలి. అవి మెల్లగా కుడికి జరుగుతున్నాయి, మార్కెట్టు వైపు. కాసేపటికి ఇంకా కుడికి, నది వైపు.

"దారి తప్పిందా బాబాయ్?" అంది స్టోరు మేడం కంగారుగా.

"తప్పలేదమ్మాయ్," అన్నాడు మేస్త్రి, చూపు తిప్పకుండా. "చుట్టూ తిరిగి వెళ్తోంది."