ఇరవై వాట్ల డబ్బా

దిల్‌సుఖ్‌నగర్‌లో కాపురముంటున్న పట్టాభికి తెలియని విషయం లేదు. అదే ఆ ఇంటికి పట్టిన పీడ. పొద్దున్నే కాఫీ తాగుతూ లోకానికంతటికీ బుద్ధి చెప్పి, ఆ తరవాత ఆఫీసుకి పోతాడు. పెళ్ళాం కుసుమకుమారి నిలబడి వింటుంది. వినక చస్తుందా!

ఆవిడ తల్లి సూర్యప్రభ పోయి చాలా కాలమైంది. గొంతు మాత్రం క్యాసెట్లలో ఉంది. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి ఆడిస్తే, ఆవిడ వచ్చి పేము కుర్చీలో కూర్చుంటుంది. కింది వాటా అండాలమ్మ "పెద్దమ్మ ఒచ్చిందా?" అంటూ పైకొచ్చి తన నడుం నొప్పి చెప్పుకుని పోయేది. తన కుర్చీ పోయిందని ఏడ్చేవాడు పట్టాభి ఒక్కడే.

ఆ పాత క్యాసెట్లు ఆడించడానికి ఈ మేధావి ఏం తెచ్చాడు? ఆరు వందల వాట్ల పవర్ సప్లయి, ఆటలాడే కుర్రాళ్ళు కొనే గ్రాఫిక్స్ కార్డు, నాలుగు ఫ్యాన్లు. "సర్వరంటే ఇలా ఉండాలి. నీకేం తెలుసు?" అన్నాడు. ఛీ! ఒక ముసలమ్మ మాటలకి అంత మిషనా?

అంతలో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. సింగరేణిలో బొగ్గు ఆగింది, ఇక్కడ కరెంటు పోతోంది. కరెంటున్నంతసేపూ పట్టాభి టీవీ ముందు అరుస్తాడు. ఆ గోలలోకి సూర్యప్రభ రాదు. కరెంటు పోగానే వీధిలోకెళ్ళి అరుస్తాడు. కుసుమకి తల్లి దొరికేది అప్పుడే, ఇన్వర్టర్ మీద.

"రాష్ట్రం విడిపోతే మనల్ని ఉండనివ్వరు. ఇల్లు అమ్మేసి విజయవాడ పోదాం" అని పట్టాభి బేరం కూడా కుదిర్చేశాడు. ఇల్లు కుసుమ పేరున ఉంది. శుక్రవారం సంతకం. అమ్మని అడిగి పెడదామనుకుందావిడ.

సూర్యప్రభదేమో గోదావరి మర్యాద. చుట్టాలందరి బాగోగులూ వరసగా అడిగితేగానీ అసలు మాటకి రాదు. "పెద్దక్కయ్య కళ్ళు ఎలా ఉన్నాయే? అమల పిల్లాడికి నడకొచ్చిందా?" తోడికోడళ్ళ దాకా వచ్చేసరికి ఆ మిషను ఇన్వర్టర్ని పీల్చి పిప్పి చేసేది. కీక్‌మని ఆగేది. కుర్చీ ఖాళీ.

"ఏందమ్మా గీ మిషను? ఎంత పెట్టినా దాని కడుపు నిండదు!" అని అండాలమ్మ తిట్టిపోసింది.

కుసుమ ఎల్బీనగర్‌లో ఒక కంప్యూటర్ షాపుకి వెళ్ళింది. షాపతను జగన్ కోర్లూ గిగాహెర్ట్జులూ మొదలెట్టాడు.

"అవన్నీ వద్దు బాబూ. ఇన్వర్టర్ మీద ఏది ఎక్కువసేపు నడుస్తుంది?"

"గట్లయితే గీ చిన్నది తీస్కోండ్రి మేడం. ఫ్యాన్ లేదు, ల్యాప్‌టాప్ డిస్కు. ఇరవై వాట్లు దాటది."

టిఫిన్ డబ్బాంత ఉంది. కుసుమ దాన్ని ఇంటికి తెచ్చి, అమ్మ గొంతుని అందులోకి ఎక్కించింది. పట్టాభి చూసి పగలబడి నవ్వాడు.

శుక్రవారం పొద్దున కరెంటు పోయింది. హాల్లో బ్రోకరు మట్టయ్య కాయితాలు పట్టుకుని కూర్చున్నాడు. గదిలో సూర్యప్రభ తీరిగ్గా అడుగుతూనే ఉంది. అక్కయ్యలయ్యారు, అల్లుడయ్యాడు, తోడికోడళ్ళయ్యారు, పాలేరు కూడా అయ్యాడు. "ఆ ముసలావిడ సోది ఇంకా ఆగలేదా?" అని పట్టాభి తలుపు బాదాడు. డబ్బా ఆగలేదు.

సూర్యప్రభ కూతురి వంక తిరిగింది. "అందరూ అయ్యారు. నువ్వెలా ఉన్నావే?"

ఇన్నేళ్ళలో కుసుమ వంతు రావడం అదే మొదలు. అడగాలనుకున్నది మర్చిపోయి వెక్కివెక్కి ఏడ్చింది. "నాకిక్కడే ఉండాలనుందమ్మా."

"మరి ఉండవే. ఏడుపెందుకు?"

కుసుమ మొహం తుడుచుకుని తలుపు తీసింది. "ఇల్లు అమ్మటం లేదు. మీరు వెళ్ళండి" అంది మట్టయ్యతో.

పట్టాభి ఉపన్యాసానికి నోరు తెరిచాడు. వెనక నించి సూర్యప్రభ కూతుర్ని పిలిచింది.

"అల్లుడుగారి సంగతి ఇందాకే అయిపోయిందిగా. ఇలా వచ్చి కూర్చో. నీ సంగతి చెప్పు."