ఫర్హీన్ హాజరు

మల్దకల్ దాటి కొంత దూరం పోతే వచ్చే ఆ ఊరి పేరు చెప్పి బడి పరువు తీయడం ఎందుకు? రెండు గదులు, ఒక వరండా, వెనకాల రేకులు కప్పిన వంటపాక. ఐదు తరగతులకు ఇద్దరే టీచర్లు. పెద్దసారు యాదయ్య రిటైర్మెంటుకు దగ్గరపడ్డాడు. ఆయన పాఠం మొదలుపెడితే పిల్లలకంటే ముందు ఆయనకే కునుకు పట్టేది. రెండో టీచరు వసంత. రోజూ పొద్దున గద్వాల నుంచి బస్సులో వచ్చి, సాయంత్రం అదే బస్సులో పోయేది. బడి నడుస్తోందంటే ఆమె వల్లేనని ఊళ్లో ఎవరిని అడిగినా చెప్పేవారు.

అది నిజం కూడా. చింతగింజలతో లెక్కలు, పాత గుడ్డలు చుట్టి కుట్టిన బంతితో అక్షరాలు, ఏదైనా ఆటలో పెట్టి నేర్పేది. బంతి ఎవరి చేతిలో పడితే వాళ్లు లేచి జవాబు చెప్పాలి, చెబితే మిగతావాళ్లు చప్పట్లు కొట్టాలి. ఆమె దగ్గర చదివిన రెండో తరగతి పిల్లలు బస్సు బోర్డు చదివి, ఇది మా ఊరి బస్సు కాదు పొమ్మని డ్రైవరుకే చెప్పేవారు.

ఇబ్బందల్లా దీపావళి వెళ్లాక వచ్చేది. కూలీలను పనులకు తోలుకుపోయే గుంపు మేస్త్రీ లారీ ఊళ్లోకి దిగేది. అడ్వాన్సు తీసుకున్న వాళ్లంతా మూటాముల్లె సర్దుకుని పూనాకో బొంబాయికో పోయేవారు. వెంట పిల్లలు. మళ్లీ ఉగాదికి గాని రారు. పేర్లు కొట్టేస్తే వచ్చినప్పుడు మళ్లీ చేర్చుకోవడం పెద్ద తంటా అని రిజిస్టరులో అలాగే ఉంచేవారు. అందులో ఎవరికీ తప్పు కనపడలేదు. తిరిగొచ్చే పిల్లకు చోటు ఉంచడం తప్పెలా అవుతుంది?

ఆ ఏడు ఫర్హీన్ కూడా పోయింది. మూడో తరగతిలో అందరికంటే ముందున్న పిల్ల. బడిలో మధ్యాహ్నం భోజనం వండే తాజ్‌బీకి ఆమె మనవరాలు. తాజ్‌బీ కొడుకు షరీఫ్, కోడలు పూనాలో కట్టుబడి పనికి బయలుదేరితే, పాలు తాగే చంటివాడు బిలాల్‌ను ఎత్తుకోవడానికి ఒక మనిషి కావలసి వచ్చింది. ఆ మనిషి ఎనిమిదేళ్ల ఫర్హీన్. వసంత వాళ్లింటికి పోయి గొడవ పెట్టుకుంది కూడా.

“మీరు చెప్పేది మంచిదే టీచరమ్మా,” అన్నాడు షరీఫ్. “మేమిద్దరం ఇటుకలు మోస్తుంటె సంటోన్ని ఎవలు ఎత్తుకుంటరు? మీరే చెప్పున్రి.”

తాజ్‌బీ కొడుకు గడ్డం పట్టుకుని బతిమాలింది, పిల్లను నా దగ్గర వదిలిపొమ్మని. లారీ కదిలేదాకా ముసలమ్మ ఫర్హీన్ చేయి విడవలేదు. తెల్లారి మామూలుగానే బడికి వచ్చి పొయ్యి వెలిగించింది.

ఆ తర్వాత కొన్నాళ్లకే కబురు వచ్చింది, పిల్లలు తక్కువున్న బళ్లలో రెండో పోస్టు తీసేస్తున్నారని. శనివారం పెద్ద అధికారి స్వయంగా వచ్చి తలలు లెక్కపెడతాడట. సంఖ్య సరిపోకపోతే వసంత నల్లమల అంచున ఏదో ఊరికి పోవాలి. అక్కడి నుంచి రోజూ గద్వాలకు వచ్చిపోయే మాట లేదు. ఇంట్లో ఇంకా పాలు మరవని కొడుకు. ఇక్కడ ఐదు తరగతులూ యాదయ్య సారు కునుకు మీద నడవాలి.

ఉపాయం యాదయ్యదే. పక్క ఊళ్లో కొత్తగా పెట్టిన కాన్వెంటుకు ఆ శనివారం సెలవు. అక్కడ చదివే ఈ ఊరి పిల్లలను ఒక్కపూట కూర్చోబెట్టి, పూనా పోయిన పిల్లల పేర్లకు లేపితే సరి.

“అది అబద్ధం గద సార్?” అంది వసంత.

“అబద్ధం ఏంది వసంతమ్మా? ఆ పిల్లలు లేరా? ఉన్నరు. పూనాల ఉన్నరు. ఉన్నోళ్లనే ఉన్నరని చెప్తున్నం. గంతే!”

వసంతకు నవ్వు వచ్చింది. నవ్వాక కాదనడం కష్టమైంది. నల్లమల గుర్తొచ్చాక ఇంకా కష్టమైంది. సరే అన్నది. ఒప్పుకున్నాక ఏ పనైనా సరిగ్గా చేయకుండా ఉండలేని మనిషి ఆమె. అదే కొంప ముంచింది.

సాయంత్రాలు కాన్వెంటు పిల్లలను పిలిపించి వరండాలో కూర్చోబెట్టింది. బడి పిల్లలనూ పక్కనే కూర్చోబెట్టింది, ఆ రోజు తెల్లమొహం వేసి గుట్టు బయటపెట్టకుండా. గుడ్డబంతి తీసింది. బంతి పడ్డవాళ్లు కొత్త పేరు చెప్పాలి, కొత్త నాయిన పేరు చెప్పాలి, ఇంట్లో ఎవరెవరున్నారో చెప్పాలి. చెబితే చప్పట్లు. నెలల తరబడి రాని ఎక్కాల్లా కాదు, రెండు మూడు రోజుల్లో నీళ్లు తాగినంత సులువుగా వచ్చేసింది. బాగా నేర్పానని ఒక్క క్షణం గర్వపడింది కూడా. ఏం నేర్పిందో గుర్తొచ్చి మొహం వేడెక్కింది. అయినా బంతి ఆపలేదు.

ఫర్హీన్ పేరు కిరాణం కొట్టు వాళ్ల అమ్మాయి అర్షియాకు వచ్చింది. చురుకైన పిల్ల. “నాయిన షరీఫ్, అమ్మ, తమ్ముడు బిలాల్, మా దాదీ” అని గడగడా అప్పజెప్పింది. కూర్చోబోతూ ఆగి, “టీచర్, నా పేరు మల్ల నాకిచ్చేస్తరా?” అని అడిగింది. అందరూ నవ్వారు. వసంతా నవ్వింది, కాని ఆ రాత్రి అన్నం సహించలేదు.

అన్నీ ఆలోచించింది గాని, ఒక పని మాత్రం వాయిదా వేస్తూ వచ్చింది. పూనా పోయిన మిగతా పిల్లల ఇళ్లకు తాళాలు పడ్డాయి, చెప్పడానికి ఎవరూ లేరు. తాజ్‌బీ ఒక్కతే బడి ఆవరణలోనే ఉన్న మనిషి. సాయంత్రాల ఆట ఆమెకు తెలియదు. గిన్నెలు కడిగి మూడింటికే ఇంటికి పోయేది. ఆమెకు ఒక మాట చెప్పాలి. ఎలా చెప్పడం? నీ మనవరాలి పేరు ఇంకో పిల్లకు ఇచ్చానని ఏ మొహంతో చెప్పడం?

శుక్రవారం మధ్యాహ్నం తాజ్‌బీయే పలకరించింది. “రేపు పెద్దసార్లు వస్తున్నరంట గద టీచరమ్మా. పప్పు జర చిక్కగ చెయ్యాల్నా?”

“చెయ్యి తాజ్‌బీ,” అంది వసంత. చెప్పాల్సిన మాట నాలుక చివరిదాకా వచ్చింది. “ఉప్పు తక్కువ వెయ్యి,” అని వచ్చేసింది.

శనివారం అధికారి చెప్పిన వేళకే దిగాడు. కోపిష్టి అయితే బాగుండేది, మోసం చేసినా మనసు ఒప్పుకునేది. ఈయన మంచివాడు. చిన్నపిల్లల బుగ్గలు తట్టాడు, గోడమీద వసంత రాసిన బొమ్మలు మెచ్చుకున్నాడు. మూడో తరగతి పిల్లతో పాఠం చదివించి, “మా మండలంలో ఇట్లా చదివేటోళ్లు ఎంతమంది ఉన్నరమ్మా?” అన్నాడు వసంతతో. తర్వాత రిజిస్టరు తానే తీసుకుని పేర్లు పిలవడం మొదలుపెట్టాడు. ఒక్కొక్కరినీ లేచి నిలబడమన్నాడు. గట్టి గొంతు. వరండా దాటి వినపడుతుంది.

పిల్లలు లేస్తున్నారు, కూర్చుంటున్నారు. ఎక్కడా తడబాటు లేదు. యాదయ్య సారు ఆ పూటకు నిద్ర కూడా మానేసి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“ఫర్హీన్!”

“ప్రెజెంట్ సార్!” అర్షియా ఎంత గట్టిగా అనాలో అంతకు రెండింతలు గట్టిగా అన్నది.

వెనకాల వంటపాకలో ఏదో గిన్నె కిందపడ్డ చప్పుడైంది. వసంతకు అప్పుడు అర్థమైంది. తాజ్‌బీ వరండా ఎక్కి, తలుపు దాటి, లోపలికి వచ్చేసింది. చేతులకు కడుగు నీళ్లు, భుజం మీది నుంచి జారిన కొంగు.

“ఫర్హీన్! కబ్ ఆయీ బేటీ? ఎప్పుడొచ్చినవ్? మీ అబ్బా ఏడి?”

అధికారిని ఆమె చూడనే లేదు. వరసల మధ్యకు పోయి ఒక్కొక్క ఆడపిల్ల ముందు వంగి మొహం చూస్తోంది. ఒక పిల్లను దాటి, ఇంకో పిల్లను దాటి. ఆ ముసలి మొహం నిండా సంతోషం. చూడడానికి వసంత కళ్లు భరించలేకపోయాయి.

“ఎవరమ్మా నువ్వు?” అన్నాడు అధికారి.

వసంత నోరు తెరిచింది. మాట రాకముందే అర్షియా లేచింది. నేర్పిన జవాబు, తప్పు పోదు. “మా దాదీ సార్!”

తాజ్‌బీ అర్షియా ముందు ఆగింది. కిరాణం కొట్టు వాళ్ల పిల్ల, రోజూ చూసే పిల్లే. మెల్లగా తల తిప్పి వసంత వైపు చూసింది. వసంత తల వంచుకుంది. పోస్టు పోతే పోనీ, నల్లమల అయితే నల్లమల, భూమి చీలి తనను మింగేస్తే చాలనిపించింది. అంత సిగ్గు ఆమె ఎన్నడూ ఎరగదు. అప్పుడైనా ఒక్కమాట అంటే సరిపోయేది, సార్ తప్పు నాది అని. అనలేదు.

తాజ్‌బీ కొంగు సర్దుకుంది. “ఔ సార్. నా మనవరాలు.”

అధికారి నవ్వాడు. “రోజూ ఇంట్ల ఉండే పిల్లకోసం ఇంత ఉరుకుడా? ఎప్పుడొచ్చినవ్ అని అడుగుతున్నవ్!”

“పొద్దుగాల ఏం తినకుండ అలిగిపోయింది సార్. బడికొచ్చిందో లేదో అని పానం ఆగలే.” తడిచేయి కొంగుకు తుడుచుకుని అర్షియా తల నిమిరింది. అక్కడే ఇంకొంచెం సేపు చేయి ఉంచింది. తర్వాత వెళ్లిపోయింది.

లెక్క సరిపోయింది. అన్నం అడుగంటి కొద్దిగా మాడు వాసన వచ్చింది గాని, పప్పు బాగుందని అధికారి రెండోసారి వేయించుకున్నాడు. పోతూపోతూ ఈ బడికి ఇద్దరు టీచర్లు ఉండాల్సిందేనని రాసి సంతకం పెట్టాడు. జీపు మలుపు తిరగగానే యాదయ్య సారు కుర్చీలో కూలబడి, “బతికిపోయినం వసంతమ్మా! ముసల్ది మంచి టైముల అందుకున్నది,” అన్నాడు. ఆయన మీద వసంతకు అంత అసహ్యం ఎప్పుడూ కలగలేదు. తనకూ ఆయనకూ ఇప్పుడు తేడా ఏమీ లేదని కూడా తెలుసు.

వంటపాకకు పోయింది. తాజ్‌బీ కూర్చుని అన్నం వండిన గంజు అడుగున మాడును గరిటెతో గీకుతోంది.

“ముందుగాల నాకొక్క మాట చెప్తె ఐపోవు గద టీచరమ్మా.”

“చెప్పనీకి మొహం చెల్లలే తాజ్‌బీ.”

“పిల్ల గొంతు కాదేమోనని సగం దూరంలనే అనిపించింది. గని కాళ్లు ఆగలే.” మళ్లీ గీకింది. “నువ్వు పోతె అది వచ్చినంక దానికి చదువు ఎవలు చెప్తరు? గందుకే గట్ల అన్న. సార్‌తోని అబద్ధం చెప్పినందుకు అల్లా నన్నేం చేస్తడో మరి.”

తిట్టినా బాగుండేది. ఊళ్లో పదిమందికి చెప్పి నవ్వులపాలు చేసినా బాగుండేది. తాజ్‌బీ అవేవీ చేయకుండా, ఆ పాపంలో సగం తన నెత్తిన వేసుకుని కూర్చుంది. వసంత ఆ పూట బస్సులో ఏడుస్తూ పోయింది. పక్కన కూర్చున్నావిడ ఎవరైనా పోయారా అని అడిగింది.

సోమవారం కాన్వెంటు పిల్లలు వాళ్ల బడికి వాళ్లు పోయారు. వసంత రిజిస్టరు తెరిచి పేర్లు పిలుస్తోంది. పూనా పిల్లల పేర్లు దాటేయాలని నిశ్చయించుకునే కూర్చుంది. మనసు ఎక్కడో ఉంది, అలవాటు కొద్దీ నోరు పిలిచేసింది.

“ఫర్హీన్.”

“ప్రెజెంట్ టీచర్!”

ముందు వరసలో ఒకటో తరగతి యాసర్ నిటారుగా నిలబడ్డాడు. మొహం వెలిగిపోతోంది. సాయంత్రాల ఆట అంతా పక్కన కూర్చుని చూసినవాడు, వాడి వంతు ఇన్నాళ్లకు వచ్చింది. “నాయిన షరీఫ్, తమ్ముడు బిలాల్,” అన్నాడు ఆగకుండా. బడి అంతా చప్పట్లు కొట్టింది.

వసంతకు తల కొట్టేసినట్టయింది. తప్పురా అనాలి. ఏ నోటితో అనాలి? వాడు చప్పట్లు అయ్యాక కూడా కూర్చోలేదు, టీచరు మెచ్చుకోలు కోసం చూస్తున్నాడు. “కూర్చో,” అంది. మళ్లీ, “కూర్చో బాబూ,” అంది.

అప్పుడు తలుపు వైపు చూసింది. వంటపాకలోకి ఆ చప్పట్లు వినపడకుండా ఉండవు. ఎవరూ రాలేదు. రిజిస్టరు మూసి తానే వెనక్కి పోయింది. తాజ్‌బీ చాటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. వసంత గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

తాజ్‌బీ తల ఎత్తకుండానే అన్నది:

“భయపడకు టీచరమ్మా. ఇగ ఎన్నిసార్లు పిలిచినా నేను ఉరికిరాను.”