బాత్రూం తాళంచెవి

మా షోరూంలో చీరలు కొనేవాళ్లకు కూల్‌డ్రింకులు ఇస్తారు, వాళ్ల పిల్లలకు బెలూన్లు ఇస్తారు. మాకు మాత్రం బాత్రూం తాళంచెవి ఇవ్వరు. మేం పార్ట్‌టైం. ఆ తాళంచెవి మేనేజర్ సుధీర్ మెడలో ఐడీ కార్డుతో పాటు వేలాడుతుంది. దాన్ని చూస్తేనే నాకు ఒళ్లు మండుతుంది.

జమ్మలమడుగు నుంచి బస్సులో ప్రొద్దుటూరు వచ్చి, మధ్యాహ్నం మొదలు షాపు మూసేదాకా నిలబడి చీరలు చూపిస్తాను. పేరుకే పార్ట్‌టైం. తాగితే పోవాల్సి వస్తుందని నీళ్లు తాగడం మానేశాను. చివరికి మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చింది. ఇక ఆపుకున్నావంటే కిడ్నీలకు పాకుతుందని డాక్టరమ్మ కోప్పడింది. సిగ్గు చంపుకుని ఆ మాటే సుధీర్‌తో చెప్పాను.

"అది ఫుల్‌టైం స్టాఫ్‌కే. మీరుండేదే రోంతసేపు, ఆపుకోలేవా? ఇంట్లో పోయి రావల్ల," అన్నాడు పుల్లతో పళ్లు కుట్టుకుంటూ.

"ఇల్లు జమ్మలమడుగులో ఉండాది సార్."

"దానికి నేనేం జెయ్యాల?"

ఆ శనివారం పెళ్లిచీరలకని పులివెందుల నుంచి ఒక కుటుంబం వచ్చింది. సగం చీరలు చూసేసరికి వాళ్ల చిన్నపాప ఒంటేలుకు పోవాలని గింజుకుంది. సుధీర్ మొహాన నవ్వు పులుముకుని, తాళంచెవి తీసి నా చేతిలో పెట్టాడు.

"పాపను తీస్కపో మసరత్."

తీసుకుపోయాను. పాపను వాళ్లమ్మకు అప్పగించి, వెనక్కి వచ్చి నేనూ వెళ్లాను. ప్రాణం లేచొచ్చింది. తలుపు తీసేసరికి ఎదురుగా సుధీర్, ముక్కుకు కర్చీఫ్ అడ్డం పెట్టుకుని.

"లక్ష్మీదేవమ్మా! పార్ట్‌టైంది లోపలికి పోయింది. ఫినాయిల్ పోసి కడుగు!" అని షాపంతా వినబడేలా అరిచాడు.

ఫినాయిల్ పోయాల్సింది వాడి నోట్లో.

లక్ష్మీదేవమ్మ బకెట్టుతో వచ్చింది. ఆమె కూడా పార్ట్‌టైమే. ఆ గదిని రోజూ తోమేది ఆమే. అయినా ఆమెను తన అవసరానికి ఒక్కనాడూ అందులోకి పోనివ్వలేదు. అడిగితే సుధీర్ నాకు చెప్పిన జవాబే ఆమెకూ చెప్పేవాడు.

"తాళంచెవి ఇట్లియ్యి. రేపట్నుంచి రావాకు," అన్నాడు సుధీర్ నాతో.

"రేపు రాను సార్. ఈ పొద్దు ఇంకా ఉండా కదా," అన్నాను. ఉద్యోగం పోయిందని తెలిశాక భయం కూడా పోయింది. తలుపు బార్లా తీసి పట్టుకున్నాను. "నువ్వు పో చిన్నమ్మా. కడిగేదానికి కాదు."

ఆమె నన్ను చూసింది. బకెట్టు సుధీర్ కాళ్ల దగ్గర పెట్టి, లోపలికి వెళ్లి గడియ వేసుకుంది.

సుధీర్ తలుపు దబదబా బాదాడు. "ఏయ్, బయటికి రా!"

"వస్తాండాలే అప్పా," అని లోపలి నుంచి నింపాదిగా వినబడింది. "రోంతసేపు ఆపుకోలేవా?"