ఎనభై రూపాయలు నాలుగు డాలర్లయిన సంగతి

ఇటు రా బిడ్డా, పీట జరుపుకొని నా పక్కన కూసో. ఆ ఫోను అవతల పెట్టు. మీ యశోదక్క నర్సు చదువుకు ఎందుకు పోలేదని ఊళ్ళె ఒక్కొక్కరు ఒక్కో తీరు చెప్తున్నరు. చెడగొట్టింది నేను. నా నోటితోనే విను.

యశోద నా కొడుకు వీరబాబు బిడ్డ. ఇంటర్ పాసైంది, ఖమ్మంల నర్సింగ్ సీటొచ్చింది. ఫీజు, హాస్టలు కట్టే తాహతు మాకేడిది? అప్పుడు పాల్వంచల ఆఫీసు పెట్టుకున్న ఒక సొసైటీవాళ్ళు బయటి దేశాల పైసలతోని బీదపిల్లలను చదివిస్తమన్నరు. ఒకటే షరతు. ఇంట్ల మనిషికి రోజుకు మూడు డాలర్ల లోపల రాబడి ఉండాలె. ఏ దేశపోళ్ళకైనా అదే గీతంట.

లెక్క రాసుకోను సుజాత అనే పిల్ల వచ్చింది. ఏ రోజొచ్చిందనుకున్నవ్? మా విత్తనాల పండుగ రోజు. ఇత్తులు చాటల పోసి, పసుపు చల్లి, నట్టింట్ల పెట్టినం. మా అత్త పెట్టిన కట్టడి ఒకటుంది. ఇత్తులు గడప దాటేదాక ఇంట్ల ఎవ్వరూ లేదు అనొద్దు. ఉప్పు కొంచెమున్నా, అయిపోయినా నిండుగ ఉన్నదనే చెప్పాలె. లేదన్న మాట విన్న ఇత్తు మొలవదని ఆమె నమ్మకం, నాదీ అదే.

ఆ పిల్ల సరిగ్గ చాట పక్కనే కూసుంది. తునికాకు కట్టల మీద ఎంతొచ్చింది, మిరప కూలి ఎంతొచ్చింది, అన్నీ అడిగింది. పైసల లెక్క నా కోడలు నాగలక్ష్మి ముందే కాయితం మీద రాసిపెట్టింది, అది చేతికిచ్చింది. మనిషికి రోజుకు యాభై రూపాయలు తేలినయి. అక్కడికి ఊకుంటే అయిపోయేది.

"అడివిల నుంచి ఇంకేమన్న తెచ్చుకుంటరా అవ్వా?"

కోడలు నా దిక్కు చూసింది. నేను చాట దిక్కు చూసిన.

"ఎందుకు తెచ్చుకోం పిల్లా? ఇప్పపువ్వు కుండలకు కుండలు. గడ్డలు, కట్టెలు, కోళ్ళు వాకిలి నిండ."

"తేనె?"

"రెండు కడవలు" అన్న. ఆ ఏడు వచ్చింది సీసాన్నర.

అన్నిటికీ ఖమ్మం బజారు ధర కట్టింది. "మేం తిన్న గడ్డకు ధరేంది పిల్లా?" అంటే, "కొనాల్సొస్తే ఎంతయ్యేదో అది అవ్వా" అన్నది. యాభై కాస్త ఎనభై అయింది.

యశోదకు ఇంకా ధైర్యమే. "ఎనభై అంటే ఒక్క డాలరు కూడ కాదు గద అక్కా?"

"బ్యాంకుల మారిస్తే కాదమ్మా. దేశాలను పోల్చేటప్పుడు గట్ల చూడరు. అక్కడ డాలరుకొచ్చే సామాను ఇక్కడ ఇరవై రూపాయలకే వస్తదని లెక్క. అంటే మీకు రోజుకు నాలుగు డాలర్లు."

"ఆ ఇరవై రూపాయల సంత యాడుందో చెప్పు, రేపే పోత" అన్న. ఆ పిల్ల నవ్వింది.

"మరి ఆ దేశంల నా అసుంటిది ఊడ్చను పోతే ఎంతిస్తరు?"

"కొన్ని చోట్ల గంటకు పదిహేను డాలర్లిస్తరు. ఇంచుమించు మీ ఇంట్ల మనిషికి నెలకొచ్చే పైసలంత. అక్కడ అన్నిటి ధరలు పిరం కూడ అవ్వా."

"అవ్, పిరమే. మరి నేను ఈ ఎనభై పట్టుకపోయి కాలేజీల కడితే, నాలుగింతలు కట్టిందని రశీదిస్తరా?"

ఆ పిల్ల తల వంచుకొని నా వేలిముద్ర తీసుకున్నది. యశోద "అక్కా, మా నాయనమ్మ..." అని లేవబోతే చెయ్యి పట్టి గుంజి కూసోపెట్టిన. తెల్లారి ఇత్తులు చేనుకు పోతయి, ఎల్లుండి పోయి సరిచేయించుకుందమనుకున్న. గదీ నా తెలివి.

అనుకున్నట్టే మూడో నాడు పాల్వంచ పోయినం. ఆ సొసైటీ పెద్దసారు, సుజాత లెక్క ఎక్కించిన టాబు చూసి, నన్ను చూసిండు.

"మొన్న రెండు కడవలు, ఇయ్యాల సీసాన్నరనా? గీత ఏడుందో తెలిసినంక అందరి తేనె ఎండిపోతదవ్వా."

"పండుగ సారూ, ఇత్తుల ముంగట లేదనొద్దు..."

"మా కాయితంల పండుగలకు గడి లేదు" అన్నడు. పక్క బల్ల కాడ సుజాత వేరేవాళ్ళ కాయితాలు సర్దుకుంటున్నది.

బస్సుల యశోద కిటికీ దిక్కు తిరిగి కూసుంది. నన్ను తిట్టినా బాగుండు. మణుగూరు బొగ్గు లారీలు ఎదురొస్తున్నయి. వాటిని చూసుకుంటనే, "లోకంల మనకన్న బీదోళ్ళు దొరికిండ్రన్నట్టు నాయనమ్మా, మంచిదే" అన్నది. ఆ మాట ఇంకా నా చెవుల్నే ఉన్నది.

సీటు పోయింది. ఇప్పుడు ఏన్కూరు దిక్కు మిరప చేన్లల్ల కాయ ఏరుతున్నది. పోయిన వారం వచ్చినప్పుడు వేళ్ళ మంటకు అన్నం కలుపుకోలేక పోయింది, నేనే కలిపి పెట్టిన.

బిడ్డా, నీకు బళ్ళె ఏ దేశపోళ్ళు రోజుకెంత సంపాదిస్తరో గీతలు గీసి చూపెడతరు. మన గీత మీద నాలుగని కనపడితే, అందుల సీసాన్నర తేనె రెండు కడవలైందని చెప్పు, మీ అక్కకు పోయిన సీటు ఉన్నదని చెప్పు. నా తప్పు దాయకు. వాళ్ళ ఇరవై రూపాయల డాలరును కూడ దాయకు. నేను పోయినంక అడిగేటోళ్ళుంటరు, మరువక చెప్పు.