వాలిన స్తంభం పక్కన చేప

పదహారేళ్లుగా చొక్కాలు కుడుతున్న టైలరు ఆ వారం ఒక కాలరు తలకిందులుగా కుట్టేశాడు. చేతులు మిషను మీద ఉన్నాయి గానీ మనసంతా బల్ల కింద ఉంది. అక్కడ గుడ్డముక్కల మూటలో ఒక పుస్తకం దాచాడు మరి.

అది గాలం వేసేవాళ్ల కోసం నెలనెలా వచ్చే చేపల పుస్తకం. వాళ్ల మామ గడియారాలు బాగుచేసి బాగుచేసి కళ్లు అలిసి మానేసిన మనిషి. ముప్పై ఏళ్లు ఆ పుస్తకాన్ని పొల్లుపోకుండా చదివాడు. అప్పట్లో గరుకు కాగితం, వేళ్లకి సిరా అంటేది. ఫొటోల్లో చేపేదో మనిషేదో పోల్చుకోడానికే తంటాలు. కానీ లోపల సరుకుండేది. ఏ నీళ్లకి ఏ ఎర, గాలి మారితే బెండు ఎంత ఎత్తున కట్టాలి, అన్నీ విడమరిచి చెప్పేవాళ్లు. ఎక్కడ పట్టారో మాత్రం చచ్చినా చెప్పేవాళ్లు కాదు. తర్వాత కొత్తవాళ్ల చేతికి పోయింది. నున్నటి కాగితం, పేజీ నిండా రంగుల బొమ్మ, కింద పిడికెడు మాటలు. "ఇది పుస్తకమా, పెళ్లి ఆల్బమా?" అని మామ కొనడం మానేశాడు.

మానేసినా, తన చేప ఒక్కసారి అందులో పడాలన్న కోరిక మాత్రం చావలేదు. అది కూతురికి తెలుసు, కూతురి వల్ల అల్లుడికి తెలుసు.

ఆ వేసవిలో కాలువ వంపు దగ్గర మామ రెండు చేతులా ఎత్తాల్సినంత చేప పట్టాడు. ఆ వంపు ఆయన గుట్టు. ఇన్నేళ్లలో ఇద్దరినే తీసుకెళ్లాడు, చిన్ననాటి స్నేహితుడు బస్సు డ్రైవరునీ, ఈ అల్లుణ్ణీ. టైలరు ఫొటో తీసి, మామకి చెప్పకుండా పుస్తకానికి పంపాడు. ఊరు రాయలేదు, కాలువ రాయలేదు. ఫొటో తీసినవారి పేరు అడిగితే తనది రాశాడు, ఆ మాత్రం సరదా ఎవరికుండదు! మామ వెనక ఒక పక్కకి వాలిన సిమెంటు స్తంభం పడింది. పొద్దస్తమానం కత్తెర పట్టే మనిషి, ఆ ముక్క కత్తిరించడానికి ఎంతసేపు? కానీ స్తంభం పక్కనుంటేనే చేప పెద్దగా కనబడుతోంది. ఎలాగూ బొమ్మలు అలుక్కుపోతాయిలే అనుకున్నాడు. మామ ఇంట్లోని పాత సంచికలు తప్ప కొత్తవి చూసి ఎరగడు పాపం.

బొమ్మ అద్దంలా వచ్చింది. మామ కనుబొమల్లో తెల్ల వెంట్రుకలు, స్తంభం మీద అంకె, అన్నీ స్పష్టంగా! ఆ స్తంభం ఆనవాలు పట్టుకుని, పది రోజులు తిరక్కుండా వంపు దగ్గర ఇసకేస్తే రాలనంత జనం.

మామ గాలం కర్ర మూల పెట్టేశాడు. "డ్రైవరుగాడే! వాడి నోట్లో మాట దాగదు. బస్సెక్కినవాళ్లందరికీ టిక్కెట్టుతో పాటు ఇదీ ఇచ్చుంటాడు. ఇక వాడి మొహం చూస్తే ఒట్టు!"

పక్కనే కూర్చున్న టైలరు ఆ కర్ర జారిపోకుండా గోడకి సర్ది ఆనించాడు.

నెల గడిచింది. ఒకరోజు భార్య అంది, "డ్రైవరు బాబాయి రోజూ మా నాన్నవాళ్ల వీధి చివరిదాకా వచ్చి వెనక్కి పోతున్నాడండీ. చూడలేకపోతున్నా."

ఆ మాటతో టైలరు సగం అన్నంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు. తెల్లారగానే మూట విప్పి, పుస్తకం తీసుకెళ్లి మామ ఒళ్లో పెట్టాడు.

మామ గడియారాల భూతద్దం కంటికి బిగించాడు. మొహం ఒక్క క్షణం వెలిగింది. తర్వాత అద్దం స్తంభం మీదికి జరిగింది. అక్కణ్ణుంచి కింద ఉన్న పేరు మీదికి.

"ఎప్పుడొచ్చింది ఇది?"

"నెల దాటింది మామయ్యా."

"నెల రోజులు నేను వాణ్ణి తిడుతుంటే వింటూ కూర్చున్నావా?"

"తప్పయిపోయింది మామయ్యా."

"నాకు కాదు. పద, వాడికి చెప్పు."

డ్రైవరు బనీనుతోనే తలుపు తీశాడు. వెనక బల్ల మీద అదే పుస్తకం, అదే పేజీ.

"డ్రైవరు మామయ్యా, ఆ ఫొటో..."

"తెలుసులే. వచ్చిన రోజే చూశా. కింద నీ పేరుందిగా."

మామ నోరు తెరిచాడు. "చూసి కూడా తిట్లు తిన్నావట్రా?"

"నా మీద కోపమైతే ఎప్పుడో ఒకప్పుడు పోతుంది. అల్లుడి మీదైతే అమ్మాయి ఇంటికి వెళ్లడం మానేస్తావు. నీ సంగతి నాకు తెలీదూ?" అని టైలరు వైపు తిరిగాడు. గొంతులో కోపం లేదు, అదే ప్రాణం తీసింది. "నువ్వు రేపు చెప్తావు, ఎల్లుండి చెప్తావని చూశానయ్యా."

తర్వాత ముసలాళ్లిద్దరూ బొమ్మ మీదికి వంగారు.

"ఆ స్తంభం లేకపోతే ఇది పిల్లచేపేరా."

"పోరా, నీ జన్మలో పట్టావా ఇంతది?"

టైలరుని కూర్చోమని ఎవరూ అనలేదు. చెప్పులు విప్పి, గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.