అక్క పేరు మీద గీసిన గీతలు

ఆ సోమవారం భోజనాల గంట కొట్టేలోపు పొట్టి చెయ్యాల్సిన పనులు చాలా ఉన్నాయి. రెండో బండిలో వచ్చిన నాలుగు వందల ఆసుపత్రి దుప్పట్లు మడతపెట్టాలి. మరకలు వదలని వాటిని ఏరి మళ్లీ తొట్టికి పంపాలి. తడి దుప్పట్ల బండి తొయ్యలేక అక్క ఆగినప్పుడల్లా, మేస్త్రీ చూడకుండా వెళ్లి ఒక చెయ్యి వెయ్యాలి. పరీక్షల గదిలోకి వెళ్లి తన పేరు మీద గుండె పరీక్ష చేయించుకోవాలి. బయటికొచ్చి, తలగుడ్డ మార్చి కట్టుకుని, అక్క కార్డు మెడలో వేసుకుని, మళ్లీ లోపలికెళ్లి అక్క పేరు మీద ఇంకోసారి పడుకోవాలి.

మొదటి నాలుగూ అయ్యాయి. చివరిదే మిగిలింది.

ఇస్త్రీ రోలర్ల వెనక, గొట్టాల్లోంచి ఆవిరి బుస కొట్టే చోట, అక్క తన కార్డు తీసి చెల్లెలి మెడలో వేసింది. పొట్టి అన్నది ఇప్పుడు పిలుపుకే మిగిలింది. ఇరవై ఆరేళ్ల చెల్లెలు అక్క కంటే జానెడు ఎత్తు. అయినా ఇద్దరివీ ఒకటే ముక్కు, ఒకటే నుదురు. పైన నీలం కోటు, తలకి తెల్ల గుడ్డ కట్టాక ఆ లాండ్రీలో ఎవరు ఎవరో మేస్త్రీకే సరిగ్గా తెలిసేది కాదు.

"ఏం చెప్తావ్? ఒకసారి అను," అంది అక్క.

"కార్డు లెక్కన ముప్పై ఎనిమిదేళ్లు. బండి తోసే పని. ఆయాసం లేదు, కాళ్ల వాపు లేదు, ఏ జబ్బూ లేదు."

"నవ్వకు మరి. నేను డాక్టర్ల ముందు నవ్వను."

"నువ్వెవరి ముందు నవ్వావు గనక!"

అక్క నవ్వింది. నవ్వు సగంలోనే ఊపిరి అందక గోడకి ఆనుకుంది. అటుగా వెళ్తున్న రోలరు పిన్ని ఆగి చూసింది. ఇరవై ఏళ్లుగా రోలరు దగ్గరే నిలబడి పనిచేసే ఆమెని అందరూ అలాగే పిలుస్తారు. "అక్కకి గుండె అరువిస్తున్నావు సరే, నా మోకాళ్లకి కూడా ఎవత్తెనైనా చూసిపెట్టవే," అని ఒక విసురు విసిరి వెళ్లిపోయింది.

ఈ పరీక్షలు లాండ్రీకి కొత్త. దుప్పట్లు పంపే పెద్ద ఆసుపత్రి, పనివాళ్లందరికీ ఆరోగ్యం బాగుందని కాగితాలు కావాలందట. బాగుండనివాళ్లకి వైద్యం చేయించమని మాత్రం ఎవరూ అనలేదు. బాగుంటే ముద్ర వేస్తారు, బాగుండకపోతే కార్డు తీసుకుంటారు. కార్డు పోతే వారం కూలి ఒక్కటే కాదు, లాండ్రీ వెనక వరస గదుల్లో వాళ్లుంటున్న గది కూడా పోతుంది. ఆ గది అక్క కార్డు మీద ఇచ్చింది. అమ్మ పోయిన ఏడు, పద్నాలుగేళ్ల పిల్ల పద్దెనిమిది అని చెప్పి సంపాదించుకున్న కార్డు అది. ఆరేళ్ల చెల్లెల్ని ఎత్తుకుని ఆ గదిలో దిగింది. పొట్టికి తెలిసిన ఇల్లంటే ఆ పది అడుగుల గదే.

పరీక్షల గదిలో తెర వెనక బల్ల. గుండె గీతలు తీసే అమ్మాయి కార్డు మీద నంబరు చూసి రాసుకుంది. చల్లటి బిళ్లలు ఛాతీ మీద అంటించింది. మిషను కిర్రుమని కాగితం కక్కింది. కొండలూ లోయలూ, కొండలూ లోయలూ, ఒకే ఎడంతో. తెర అవతల డాక్టరు తలెత్తకుండానే ముద్ర కొట్టాడు. ఆయన మెడలో ఉన్న గొట్టం ఆ రోజు ఎవరి గుండె మీదా ఆనలేదు. మూడింటికి కారెక్కి వెళ్లిపోయాడు. మిగిలినవాళ్లకి నెల తర్వాత చూస్తామన్నారు. ఆ మిగిలినవాళ్లలో రోలరు పిన్ని కూడా ఉంది.

"పాసయ్యాను కదే!" అంది సాయంత్రం అక్క, ఆ కాగితం దిండు కింద పెట్టుకుంటూ.

బుధవారం పదకొండు గంటలకి అక్క బండి పక్కన కుప్పకూలింది.

పొట్టీ, బండి తోలేవాడూ కలిసి ఆమెని ఆ పెద్ద ఆసుపత్రికే తీసుకెళ్లారు. అత్యవసర గదిలో మంచం ఖాళీ అయ్యేసరికి గంట పట్టింది. పడుకోబెట్టాక అక్క చేత్తో దుప్పటి మూల తడిమి చూసింది.

"ఇది మన మడతే. మూల లోపలికి తిప్పి ఉంది చూడు."

"మాట్లాడకక్కా."

"ఎవరు మడిచారో గానీ సాపుగా మడిచారు." ఆ మడత లాండ్రీలో అందరికీ నేర్పింది ఆమే. అంచులు చిరగకుండా ఉంటాయని.

ముప్పై ఏళ్లు కూడా నిండని చిన్న డాక్టరు వచ్చాడు. ముందు రోజు నుంచీ నిద్ర లేదేమో, కళ్లు ఎర్రగా ఉన్నాయి. నాడి పట్టుకున్నాడు, గీతలు తీయించాడు. ఆ గీతల్లో ఒక వరసంటూ లేదు. ఒక కొండకీ ఇంకో కొండకీ మధ్య ఒకచోట ఎడం, ఒకచోట ఇరుకు. ఛాతీ మీద గొట్టం పెట్టి విన్నాడు. కానీ గుండె ఎంత వేగంగా పరిగెడుతోందంటే, ఆ గోలలో వేరే చప్పుడేదీ దొరకలేదు. గుండె లోపలి భాగాలు చూసే స్కానింగుకి పదకొండో రోజుకి గానీ వంతు రాదన్నారు.

"ఇలా దడ ఎప్పటి నుంచమ్మా?"

"నిన్నటి నుంచే బాబూ," అంది అక్క.

"అంతకుముందు ఆయాసం?"

"లేదు బాబూ."

పొట్టి అక్క వంక చూసింది. రెండేళ్లుగా మెట్లెక్కితే మధ్యలో కూర్చుండిపోయే మనిషి. పడుకుంటే ఊపిరాడదని, దిండు నిలువుగా పెట్టుకుని గోడకానుకుని నిద్రపోయే మనిషి.

చిన్న డాక్టరు ఓపిగ్గానే చెప్పాడు. "రెండు దారులున్నాయి. ఈ లయ తప్పడం చాన్నాళ్ల నుంచి ఉంటే, ముందు రక్తం పలచబడే మందులు మూడు వారాలు వాడాలి, ఇంట్లో కదలకుండా ఉండాలి. ఆ తర్వాతే సరిచేస్తాం. ఈ రెండు రోజుల్లో మొదలైందైతే, మత్తిచ్చి, చిన్న కరెంటు దెబ్బతో ఇప్పుడే సరిచెయ్యొచ్చు. వారంలో పనిలోకి వెళ్లిపోవచ్చు. ఈ మధ్య తీసిన గుండె కాగితం ఏదైనా ఉందా?"

మూడు వారాలంటే కార్డు ఉండదు. అక్క, పొద్దున దిండు కింద నుంచి తీసి కోటు జేబులో పెట్టుకున్న మడత కాగితం తీసి ఇచ్చింది. సోమవారం తేదీ, తన పేరు, పొట్టి గీతలు.

డాక్టరు ముఖం తేటపడింది. "అబ్బ, మంచిదైంది! మొన్నటికి లయ శుభ్రంగా ఉంది. అంటే ఇది కొత్తదే."

పొట్టి నోరు తెరిచింది. దుప్పటి కింద నుంచి అక్క చెయ్యి వచ్చి మణికట్టు పట్టుకుంది. చల్లటి చెయ్యి. చెమట పట్టి ఉన్నా వదల్లేదు. వద్దు, వద్దు అని కళ్లతోనే అంది. ఇరవై ఏళ్లుగా ఆ కళ్లు చెప్పినట్టే నడిచింది పొట్టి. వీధి దాటేటప్పుడు, మేస్త్రీ కేకలేసినప్పుడు, ఆకలైనప్పుడు. అలవాటు చొప్పున నోరు మూసుకుంది.

అంతే. అరనిమిషం కూడా పట్టలేదు.

గంటలో అన్నీ అయిపోయాయి. కాగితం మీద కొండలు మళ్లీ ఒకే ఎడంతో నడిచాయి. మర్నాడు ఇంటికి పంపేశారు. దారిలో అక్క పసిపిల్లలా ఊపిరి తీసుకుంటూ, "నీ గుండె నాకు కలిసొచ్చిందే పొట్టీ," అంది. ఆ మాటకి పొట్టి కూడా నవ్వింది. ఆ నవ్వునే తర్వాత ఎన్ని రోజులైనా క్షమించుకోలేకపోయింది.

శనివారం పొద్దున అక్క గ్లాసులో నీళ్లు పోసుకుంటోంది. గ్లాసు చేతిలోంచి జారింది. వంగి తియ్యబోయింది, కుడిచెయ్యి రాలేదు. చెల్లెల్ని పిలవాలనుకుంది. నోటి ఒక పక్క జారిపోయింది. "పొ... పొ..." అంటూనే ఉంది. ఆ పిలుపు పూర్తి కాలేదు.

ఈసారి పెద్ద డాక్టరమ్మ చూసింది. నడివయసు మనిషి. గొట్టం అక్క ఛాతీ మీద ఆనించి, కళ్లు మూసుకుని చాలాసేపు విన్నది. స్కానింగు మిషను మంచం దగ్గరికే తెప్పించింది. తర్వాత పొట్టిని వరండాలోకి తీసుకెళ్లి బెంచీ మీద కూర్చోబెట్టింది.

"చిన్నప్పుడు మీ అక్కకి గొంతు నొప్పి, జ్వరం, కీళ్ల వాపులు వచ్చాయా?"

"పన్నెండేళ్లప్పుడు మోకాళ్లు వాచాయని అనేది. ఎదిగే పిల్ల, ఎముకలు లాగుతాయిలే అని అమ్మ వేడి గుడ్డ కట్టేదట."

"అప్పుడే మొదలైందమ్మా ఇది." డాక్టరమ్మ రెండు అరచేతులూ తలుపు రెక్కల్లా పెట్టి చూపించింది. "గుండెలో గదికీ గదికీ మధ్య ఇలా తలుపుంటుంది. ఆ జ్వరం ఈ రెక్కల్ని మెల్లమెల్లగా అతికించేస్తుంది. ఏళ్లు పడుతుంది. రక్తం ముందుకి పోక వెనక గదిలో నిలిచిపోతుంది. గది ఉబ్బుతుంది, కొట్టుకోవడం మానేసి వణుకుతుంది. నిలిచిన రక్తం గడ్డకడుతుంది. మనం కరెంటుతో లయ సరిచేశాం. గది మళ్లీ కొట్టుకుంది. ఆ గడ్డ కదిలి మెదడుకి పోయింది."

పొట్టి నేల వంకే చూస్తోంది.

"నాకు అర్థం కానిది ఒక్కటే. ఇంత ఇరుకైన తలుపు, ఇంత ఉబ్బిన గది. లయ తప్పి చాలా నెలలై ఉండాలి. మరి సోమవారం కాగితం అంత శుభ్రంగా ఎలా ఉంది?"

"అది నాదండి."

"ఏది?"

"ఆ కాగితం. అక్క పేరు మీద నేను పడుకున్నాను."

వరండాలో ఎవరిదో చక్రాల కుర్చీ కీచుమంటూ వెళ్లింది.

"నేను చెప్పాల్సిందండి. నోటిదాకా వచ్చింది. చెప్పలేదు," అంది పొట్టి.

డాక్టరమ్మ కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది. "నువ్వు చెప్పాల్సింది. మేం కూడా కాగితం చూసి ఆగిపోకుండా ఉండాల్సింది. రెండూ నిజమే. ఒకటి చెప్పి రెండోది దాస్తే నీకు అన్యాయం చేసినట్టే."

"ముందే తెలిస్తే ఇంతదాకా వచ్చేది కాదా అండి?"

ఆ ప్రశ్నకి అబద్ధం చెబితే బాగుండని ఆమెకీ అనిపించి ఉంటుంది. కానీ చెప్పలేదు. "చిన్నప్పుడే తెలిస్తే మూడు వారాలకోసారి ఒక సూది మందు. దాని ఖరీదు నీ ఒక పూట కూలి కూడా కాదు. పోయినేడు తెలిసినా, సన్న తీగ చివర బుడగ పంపి, ఊది, ఆ తలుపు తెరిచేవాళ్లం. నాలుగో రోజు నడిచి ఇంటికెళ్లేది."

ఆ తర్వాత అక్క తొమ్మిది రోజులుంది. మాట రాలేదు. ఎడమచేత్తో దుప్పటి మూల పట్టుకుని లోపలికి తిప్పేది, విప్పేది, మళ్లీ తిప్పేది. పదో రోజు ఆ చెయ్యి ఆగిపోయింది.

లాండ్రీ ఆఫీసులో మేస్త్రీ బీరువా తెరిచి, దస్త్రంలోంచి ఆ కాగితం నకలు తీసి చూపించాడు. "చూడమ్మా, మా దగ్గర ఫిట్‌గా ఉంది. మన పని వల్ల ఏమీ కాలేదు. ఆయుష్షు తీరింది, ఎవరేం చేస్తాం? గది నీ కార్డు మీదికి మార్పించాను, దిగులుపడకు." తన అబద్ధాన్ని ముద్రతో, నంబరుతో సహా మేస్త్రీ మళ్లీ బీరువాలో పెట్టి తాళం వెయ్యడం పొట్టి చూస్తూ నిలబడింది. ఆ గది తాళంచెవే ఆమె చేతిలో ఉంది.

నెల తిరిగింది. మిగిలినవాళ్ల పరీక్షలు మొదలయ్యాయి. రోలరు పిన్ని పొట్టిని గొట్టాల వెనక్కి లాగింది. సరిగ్గా అక్క నిలబడిన చోటే.

"నాలుగు రోజుల నుంచీ ఎడమ రెక్క పీకుతోందే. చెమటలు పడుతున్నాయి. ఈ ఒక్కసారికి నువ్వెళ్లి పడుకో తల్లీ. నీది గట్టి గుండె."

"పడుకోను పిన్నీ."

"అక్కకైతే పడుకున్నావు కదే!"

"అందుకే పడుకోను."

పిన్ని ముఖం మాడిపోయింది. "కార్డు పోతే నువ్వు పెడతావా నాకు అన్నం? ఇంట్లో మంచం మీదున్న ముసలాయన్ని నువ్వు చూస్తావా? ఊరికే నీతులు చెప్పకు!"

పిన్ని అడిగిన దాంట్లో ఒక్క మాట కూడా తప్పు కాదు. పొట్టి ఆమె చెయ్యి పట్టుకుని పరీక్షల గది గుమ్మం దాకా తీసుకెళ్లింది. తను ఒక్కత్తే లోపలికెళ్లి, అక్క దాచుకున్న కాగితాన్నీ, తన కాగితాన్నీ డాక్టరు బల్ల మీద పక్కపక్కన పరిచింది.

"ఇది మా అక్క పేరు. గీతలు నావి. రాసుకోండి."

గీతలు తీసే అమ్మాయి ముందుకొచ్చి రెండూ చూసింది. "నాకు ఆ రోజే అనుమానం వచ్చిందండీ. అక్కాచెల్లెళ్లకి ఒకేలా ఉంటాయేమో అనుకున్నాను."

"ఉండవమ్మా," అన్నాడు డాక్టరు. అంటూ మొదటిసారి తలెత్తాడు.

మేస్త్రీ తలుపు తోసుకుని వచ్చాడు. "ఏం వాగుతున్నావే? పనిలో ఉండాలని లేదా? గదిలో ఉండాలని లేదా?"

"ఉండాలనే ఉంది." పొట్టి రెండు కాగితాల మీదా చెయ్యి ఆనించింది. "మీరు మా జబ్బులు కనిపెట్టేది బాగుచెయ్యడానికి కాదు, మమ్మల్ని తీసెయ్యడానికి. అందుకే దాచుకుంటున్నాం, దాచుకుని చస్తున్నాం. పిన్నికి రెక్క పీకుతోంది. ఆమెకి మందివ్వండి, కార్డు ఉంచండి. అలా అని కాగితం మీద రాసిచ్చేదాకా నేనిక్కణ్ణించి కదలను. ఇంకెవరి పేరు మీదా పడుకోను."

డాక్టరు మెడలోని గొట్టం తీసి చేత్తో పట్టుకున్నాడు. గుమ్మంలో రోలరు పిన్ని లోపలికి రాబోతూ చెప్పులు విప్పింది. మేస్త్రీ వంక చూసి మళ్లీ తొడుక్కుంది. పొట్టి వంక చూసి మళ్లీ విప్పింది.

మీరు ఎప్పుడైనా ఆసుపత్రి మంచం మీద పడుకోవాల్సి వస్తే, దుప్పటి మూల ఒకసారి ఎత్తి చూడండి. లోపలికి తిప్పి ఉంటే అది అక్క నేర్పిన మడత. లాండ్రీ బీరువాలో ఆమె పేరు మీదున్న గీతలు ఆమెవి కావు. ఆమెది అని చెప్పుకోవడానికి అక్కడ మిగిలింది ఆ మడత ఒక్కటే. పద్నాలుగేళ్లకే బండి తోయడం మొదలుపెట్టి, ఇరవై ఏళ్లపాటు మన దుప్పట్ల బరువు మోసి, ఊపిరాడక గోడకానుకుని నిద్రపోయిన ఆ మనిషిని దయచేసి గుర్తుపెట్టుకోండి.