మూడో గడి

కళ్ళజోళ్ళ షాపు వెనక గదిలో, అద్దాలు అరగదీసే మెషిను పక్కన, ప్లాస్టిక్ టబ్బులో అత్తగారు రొప్పుతోంది.

అత్తగారంటే చేప. చూపుడువేలంత పొడుగు, ఒంటి మీద మూడు తెల్ల పట్టీలు, పద్నాలుగేళ్ళ వయసు. షాపు ముందు గదిలో పగడాలతో కళకళలాడే ఉప్పునీటి తొట్టి మొత్తానికీ అదే పెత్తందారు. అందులో ఎవరు చెయ్యి పెట్టినా రయ్యిమని వచ్చి కరిచేది. షాపాయన కరిపించుకున్న మొదటి రోజే దానికి ఆ పేరు ఖాయం చేశాడు. "మా అమ్మ మిమ్మల్ని ఎప్పుడైనా కరిచిందా?" అని భార్య ఒక పూటంతా మాట్లాడలేదు. మర్నాటి నుంచి తనూ ఆ పేరుతోనే పిలిచింది. గోరంత ఉన్నప్పుడు తెచ్చి, వేళ్ళతో మేత పెట్టి దాన్ని అంత చేసింది ఆవిడే.

అక్క కూతురికి కవలలు పుడితే సాయానికని వెళ్ళి ఆవిడకి నెలన్నర అయింది. ఆదివారం వస్తుంది. ఇవాళ బుధవారం.

ఆవిడ వచ్చి చూసి ఆశ్చర్యపోవాలని షాపాయన ఒక నీలం చేపను కొన్నాడు. ఎలాంటి చేపైనా సరే, కొత్తది ముప్పై రోజులు ఈ టబ్బులో రాగి మందు కలిపిన నీళ్ళలో ఉండి తీరాలని ఆవిడ పెట్టిన చట్టం. కొత్త చేపతో పాటు కంటికి కనిపించని పురుగు వస్తుంది. అది చేపను పట్టుకున్నంత సేపూ మందుకు లొంగదు. రాలిపడి, అడుగున గూడు కట్టి, అందులోంచి పిల్లలు వందల్లో ఈదుకుంటూ బయల్దేరినప్పుడే రాగికి చస్తాయి. ఆ మందేదో పెద్ద తొట్టిలోనే పోసేద్దామంటే పగడాలూ నత్తలూ ముందు చస్తాయి. అందుకే టబ్బు.

ఆయన చట్టాన్ని తు.చ. తప్పకుండా పాటించాడు. ముప్పై రోజులు లెక్కపెట్టి, ముప్పై ఒకటో రోజున చేపను తొట్టిలోకి వదిలాడు. వారం తిరిగేసరికి తొట్టిలో ప్రతి చేప ఒంటి మీదా ఉప్పు చల్లినట్టు తెల్ల మచ్చలు. పగడాలన్నీ పీకి పక్కన పెట్టి, ఏడు చేపల్నీ పట్టి టబ్బులో వేసేసరికి ఆయన నడుము పట్టేసింది. ఇక రెండున్నర నెలలు ఆ తొట్టిలో చేప అన్నది ఉండకూడదు, పట్టుకోవడానికి ఏమీ దొరక్క పురుగు చచ్చేదాకా. అది ఆదివారం నాటి మాట. సోమవారం నీలం చేప పోయింది. నిన్న చిన్న చారల చేప పోయింది. ఇవాళ అత్తగారు మేత ముట్టలేదు. గాలి బుడగల గొట్టం కింద నిలబడి గబగబా దవడలాడిస్తోంది.

చేప అలా రొప్పుతోందంటే రెండే కారణాలు. మందు ఎక్కువై మొప్పలు కాలుతూ ఉండాలి, లేదా మందు చాలక పురుగు మొప్పల్ని తినేస్తూ ఉండాలి. ఎక్కువైతే నీళ్ళు తీసి కొత్తవి పోయాలి. చాలకపోతే ఇంకా మందు పోయాలి. ఒకదానికి బదులు ఇంకోటి చేస్తే సాయంత్రానికి అత్తగారు ఉండదు.

ఏది అన్నది చిన్న గాజు ట్యూబు చెబుతుంది. టబ్బు నీళ్ళు అందులో పోసి, రెండు చుక్కలు వేసి ఊపితే రంగు వస్తుంది. దాన్ని ఒక అట్టతో పోల్చుకోవాలి. అట్ట మీద లేత పసుపు నుంచి ముదురాకుపచ్చ దాకా ఆరు గళ్ళు. మూడో గడి సరైనది. చిన్నపిల్లలు కూడా చెప్పగలరు.

షాపాయన చెప్పలేడు. ఆయన కళ్ళకు ఆ ఆరు గళ్ళూ ఒకే తాను గుడ్డలోంచి చింపిన ముక్కలు. ఆ ట్యూబు పద్నాలుగేళ్ళుగా భార్యే చూసేది, ఆవిడకి సరదా అని ఆయనే వదిలేసినట్టు నటించేవాడు. ఊళ్ళో సగం మంది కళ్ళు పరీక్ష చేసిన మనిషి! షాపు తలుపు మీద 'రంగుల చూపు పరీక్ష ఉచితం' అని బోర్డు కూడా ఉంది. రంగు చుక్కల్లో అంకెలు దాచిన పుస్తకంలో ఏ పేజీలో ఏ అంకె ఉందో ఆయనకి నోటికి వచ్చు. ఎదుటివాడు తప్పు చెబితే తలెత్తకుండానే పట్టేస్తాడు. ఇన్నేళ్ళలో ఎవరికీ అనుమానం రాలేదు.

ఆయన నోటుబుక్కు తెరిచాడు. భార్య రాసిన పాత పేజీల్లో 'మూడుకి కొంచెం తక్కువ', 'రెండున్నర, పది చుక్కలు కలిపాను', 'ఇవాళ మూడు' అని రోజుకో తీరుగా ఉంది. తన పేజీలో ముప్పై రోజులూ 'మూడో గడి, మూడో గడి, మూడో గడి'. ముదురుగా ఉందా, లేతగా ఉందా అని చూసి, తెలియక మనసుకు నచ్చింది రాసుకున్నాడు. అది చూసేసరికి ఆయనకి ముచ్చెమటలు పోశాయి. చట్టం తప్పలేదు, తప్పింది తన చూపు.

ముందు గదిలోంచి పాట వినిపించింది. బావమరిది. షాపులో ఫ్రేములు బిగించే పని అతనిది, వీధి వీధంతా వార్తలు మోసే పని కూడా అతనిదే. అందరూ రేడియో అంటారు. అతని కడుపులో మాట దాగదు. అతనికి తెలిసిందంటే మధ్యాహ్నానికల్లా వీధి చివర మంగలి దాకా తెలుస్తుంది, ఇక తలుపు మీద బోర్డు చూసి జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతారు.

టబ్బులో అత్తగారు ఒక పక్కకి ఒరిగి, మళ్ళీ నిలదొక్కుకుంది.

"ఒరేయ్, ఇలా రా!" అని కేకేశాడు షాపాయన.

రేడియో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "ఏంటి బావా, ఎవరన్నా పోయారా?"

"నోర్ముయ్. నీ కళ్ళెలా ఉన్నాయో చూద్దామని. ఇదిగో ట్యూబు, ఇదిగో అట్ట. ఏ గడో చెప్పు."

"నాకెందుకు పరీక్ష? పక్కనే ఉన్నావుగా, నువ్వు చూడు."

"నేను చూశాలే. నువ్వేమంటావో విందామని."

రేడియో ట్యూబును కిటికీ వెలుగులో పెట్టి చూశాడు. బావ మొహం చూశాడు. ఎవరినైనా ఆటపట్టించే అవకాశం వస్తే వదిలే రకం కాదు కదా, గంభీరంగా గొంతు సవరించుకున్నాడు. "ఆఖరి గడి బావా. కారుపచ్చ. ఆకుపసరులా ఉంది."

షాపాయన ఒక్క అంగలో టబ్బు దగ్గరికి వచ్చాడు. వంగి గొట్టం అందుకుని, ఒక కొస టబ్బులో ముంచి, రెండో కొస బకెట్లో పెట్టాడు. నీళ్ళు బుడబుడమంటూ పోవడం మొదలైంది. సగం తీసేయాలి, త్వరగా తీసేయాలి.

"ఏం చేస్తున్నావు?"

"కనిపించట్లా? మందెక్కువైంది, నీళ్ళు మార్చాలి!"

రేడియో మొహంలో గాంభీర్యం ఎగిరిపోయింది. ఒక్క ఉదుటున వచ్చి గొట్టం మడిచి పట్టుకున్నాడు. "ఆగు బావా! సరదాకన్నాను. ఇది పసుపు. మొదటి గడి. అసలు మందే లేదు ఇందులో." ట్యూబు ఆయన ముక్కు ముందు పెట్టాడు. "నువ్వు చూశానన్నావుగా?"

షాపాయన ట్యూబు వంక చూశాడు, అట్ట వంక చూశాడు. మళ్ళీ ట్యూబు వంక చూశాడు. ఏ గడో వేలు పెట్టి చూపించలేకపోయాడు.

రేడియో నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక అతను ఒక మాటను మింగడం షాపాయన చూడటం అదే మొదటిసారి. సిగ్గుతో ఆయన చెవులు కాలిపోయాయి. ఇంకొక్క నిమిషం ఆ నీళ్ళు పోయి ఉంటే తన చేత్తో తనే చంపేవాడు.

"లెక్క ప్రకారమే పోశానురా మందు. డబ్బా మీద రాసినంతా పోశాను. ఎటు పోయింది మరి?" అన్నాడు గొట్టం టబ్బులోంచి తీస్తూ.

"నాకేం తెలుసు? అక్కకి ఫోన్ చెయ్యి."

"ఏమని చెప్పను?"

"ఉన్నది చెప్పు బావా. అది అలా రొప్పుతుంటే ఇంకా ఏమని ఏంటి!"

ఫోన్ మోగినంత సేపూ షాపాయన అత్తగారినే చూస్తూ నిలబడ్డాడు. అవతల పసిపిల్లల ఏడుపు, దాని మీద నుంచి ఆవిడ గొంతు. ఆయన ఒక్క ఊపిరిలో చెప్పేశాడు. నీలం చేప, మచ్చలు, పోయిన రెండూ, రొప్పుతున్న అత్తగారు. ఆవిడ తిట్టలేదు, దానికే ఆయనకి ఎక్కువ భయం వేసింది.

"టబ్బులో దాక్కోవడానికి ఏం పెట్టారు?" అని అడిగింది.

"రాయి. తొట్టిలోంచి తీసిన రాతిముక్క. పాపం, బెదురుతున్నాయని."

"ఆ రాయి రాగిని పీల్చేస్తుందండీ! అందుకే నేను ప్లాస్టిక్ గొట్టం ముక్కలు తప్ప ఏదీ పెట్టను. తీసెయ్యండి ముందు. ఎంత పోసినా మింగేస్తుంది అది. నీలం చేపకీ ఇదే పెట్టారా? మరి ట్యూబు చూస్తే తెలియలేదా? ఎవరు చూశారు ట్యూబు?"

"నేనే."

"మరి?"

రేడియో గోడ వైపు తిరిగి నిలబడ్డాడు, విననట్టు.

"నాకు ఆ రంగులు తెలియవు," అన్నాడు షాపాయన. "ఎరుపూ ఆకుపచ్చా ఏదేదో తెలియదు. చిన్నప్పటి నుంచీ అంతే."

అవతల పసిపిల్ల ఏడుపు ఆగింది. ఆవిడ మెల్లగా అంది, "నేను అల్లిన స్వెటరు రంగు బాగుందన్నారు కదా."

"వెచ్చగా ఉంది. నిజంగానే బాగుంది."

"పెళ్ళై ఇరవై రెండేళ్ళండీ. ఒక్క ముక్క నాతో చెప్పుంటే, వెళ్ళేటప్పుడు ట్యూబు తమ్ముడి చేతిలో పెట్టి వెళ్ళేదాన్ని." ముక్కు ఎగబీల్చుకుంది. "సరే. తమ్ముణ్ణి పిలవండి. మందులో సగం ఇప్పుడు, సగం సాయంత్రం. ఒక్కసారే పోస్తే మందే చంపేస్తుంది. గంటగంటకీ వాడు ట్యూబు చూడాలి, మీరు రాయాలి."

రాయి బయటికి వచ్చింది, దాని చోటికి ప్లాస్టిక్ గొట్టం ముక్క వెళ్ళింది. షాపాయన చుక్కలు లెక్కపెట్టి పోశాడు, రేడియో కిటికీ దగ్గర నిలబడి చూశాడు. "ఒకటిన్నర." గంట తర్వాత, "ఒకటిన్నరే." కళ్ళజోడు కోసం వచ్చిన ఒకావిడ బల్ల మీద దరువేసి విసిగి వెళ్ళిపోయింది. సాయంత్రం, "రెండు దాటింది బావా." పాటల్లేవు, జోకుల్లేవు. గురువారం పొద్దున "మూడు" అన్నాడు, గట్టిగా అంటే పోతుందేమో అన్నట్టు. మూడో గడి వచ్చినా అత్తగారు రొప్పుతూనే ఉంది. మొప్పల్లో ఉన్న పురుగు తనంతట తాను రాలాలి, ఆ లోపు ఊపిరి నిలవాలి. శుక్రవారం అది టబ్బు అడుగున పడుకుంది. శనివారం లేచింది కానీ మేత ముట్టలేదు. ఈ నాలుగు రోజులూ షాపాయన కూడా సరిగా తినలేదు. వీధిలో మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు, మంగలి కూడా.

ఆదివారం ఆవిడ వచ్చింది. భుజాన సంచీ దింపకుండా తిన్నగా వెనక గదిలోకి వెళ్ళి టబ్బు ముందు కూచుంది. తెల్ల మచ్చలు పోయాయి, తోక అంచు చిరిగిపోయింది. కాసేపు చూసి, వెనక్కి తిరగకుండానే అడిగింది.

"ఇది ఏ రంగు చేపో తెలుసా మీకు?"

"తెలియదు. మూడు తెల్ల పట్టీలు తెలుసు."

"మీరు వేసుకున్న స్వెటరు రంగే. దీన్ని చూసే ఆ ఊలు కొన్నాను."

ఆయన తన స్వెటరు చేతివంక చూసుకున్నాడు, చేప వంక చూశాడు. ఆయన కంటికి రెండూ మట్టిరంగే. అయినా రెండూ ఒకటేనని ఇప్పుడు తెలిసింది. స్వెటరు చెయ్యి మోచేతి దాకా మడిచి, గిన్నెలోంచి చిటికెడు మేత తీసి, నీళ్ళలో వేళ్ళు ముంచి ఊరికే అలా పట్టుకున్నాడు.

అత్తగారు గొట్టం ముక్కలోంచి తల బయట పెట్టింది. మేత వంక చూడనైనా చూడలేదు. రయ్యిమని వచ్చి చూపుడువేలు కొరికింది.

"అమ్మా!" అన్నాడు షాపాయన, చెయ్యి మాత్రం బయటికి తియ్యలేదు.